పాయింట్లన్నీ పవర్‌కే పెట్టకండి: గేమ్‌బాయ్‌లో మారియో టెన్నిస్

మీరు అడిగింది ఇదీ: మీ దగ్గర మీ అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ ఉంది, మీ తమ్ముడి దగ్గర డీఎస్ లైట్ ఉంది (రెండూ నింటెండో వాళ్ల చేతిలో పట్టే ఆట మెషీన్లే). సొంతంగా ఒక టెన్నిస్ ప్లేయర్‌ని తయారు చేసుకుని, లెవెల్స్ పెంచుకుంటూ పోయి, తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ ప్లేయర్లతోనే తలపడాలి. మారియో టెన్నిస్ అని ఒకటి ఉందట, అది మంచిదేనా, లెవెల్ పెరిగినప్పుడల్లా పాయింట్లన్నీ పవర్‌కి పెడితే సరిపోతుందా అని కూడా అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆట మంచిదే. మీకు కావలసినవన్నీ ఒకేచోట ఉన్న ఆట నాకు తెలిసి ఇంకొకటి లేదు. కానీ మీ తమ్ముడి డీఎస్ లైట్‌తో ఇద్దరూ కలిసి ఆడటం కుదరదు. ఇక పాయింట్లన్నీ పవర్‌కి పెట్టడం అనేది ఈ ఆటలో చాలామంది చేసేదే, అయితే మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు మొదట దెబ్బ తినేది కూడా ఆ ప్లేయరే. ఎందుకో వివరంగా చెబుతాను.

మారియో టెన్నిస్ అనే పేరుతో చాలా ఆటలు వచ్చాయి. అందులో మీకు పనికొచ్చేవి రెండే. మొదటిది గేమ్‌బాయ్ కలర్ మీద 2000 నవంబర్‌లో జపాన్‌లో వచ్చింది. 2001 మొదట్లో అమెరికాలో, యూరప్‌లో విడుదలైంది. రెండోది గేమ్‌బాయ్ అడ్వాన్స్ కోసం 2005లో వచ్చిన ‘మారియో టెన్నిస్: పవర్ టూర్’. రెండింటినీ తయారు చేసింది కామెలాట్ అనే జపాన్ సంస్థ. ఈ సంస్థ గురించి ఒక్క ముక్క తెలిస్తే ఈ ఆటలు ఇలా ఎందుకున్నాయో అర్థమవుతుంది. వీళ్లు మొదట్నుంచీ రోల్ ప్లేయింగ్ ఆటలు చేసేవాళ్లు. సెగా కోసం షైనింగ్ ఫోర్స్ చేశారు, 2001లో గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి గోల్డెన్ సన్ చేశారు. ఊళ్లో తిరగడం, కనిపించిన ప్రతివాళ్లతో మాట్లాడటం, ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు కూడబెట్టి లెవెల్ పెంచుకోవడం వాళ్లకి చేతిలో పని. ఆ పనినే తీసుకొచ్చి టెన్నిస్ కోర్టులో పెట్టారు. అందుకే టీవీకి తగిలించి ఆడే నింటెండో 64 మారియో టెన్నిస్‌లో లేని కథ, చేతిలో పట్టే చిన్న మెషీన్ మీద ఉంది. మామూలుగా పెద్ద మెషీన్‌కి పెద్ద ఆట, చిన్నదానికి దాని కుదింపు ఇస్తారు. ఇక్కడ తిరగబడింది. నాకు ఈ ఆటలంటే అంత ఇష్టం ఉండటానికి అదొక కారణం.

గేమ్‌బాయ్ కలర్ ఆటలో మీరు అలెక్స్ అనే అబ్బాయిగానో, నీనా అనే అమ్మాయిగానో రాయల్ టెన్నిస్ అకాడమీలో కొత్త విద్యార్థిగా చేరతారు. అలెక్స్ అయితే డబుల్స్‌లో హ్యారీ, నీనా అయితే కేట్ మీ జోడీ. జూనియర్ క్లాస్‌లో ఉన్నవాళ్లందరినీ ఓడిస్తే సీనియర్ క్లాస్, అక్కడ నెగ్గితే వర్సిటీ, ఆ తర్వాత ఐలండ్ ఓపెన్ టోర్నమెంట్. అది కూడా గెలిస్తే అప్పుడు గానీ మారియో కనిపించడు. పేరు మారియోదే అయినా కథలో ఎక్కువ భాగం మామూలు పిల్లల మధ్య నడుస్తుంది: హాస్టల్ గది, ట్రైనింగ్ కోర్టులు, పోటీకి ముందు బడాయిలు పోయే సీనియర్లు. ఒక టెన్నిస్ అకాడమీలో చేరిన అనుభూతి నిజంగానే కలుగుతుంది.

పవర్ టూర్ కూడా అదే అకాడమీ, అదే మెట్లు. ఇందులో క్లే, ఏస్ అనే ఇద్దరున్నారు. ఒకరిని మీరు ఎంచుకుంటే రెండోవాళ్లు డబుల్స్ జోడీ అవుతారు. బొమ్మలు బాగా మెరుగు, పాత్రల కదలికలు చూడముచ్చటగా ఉంటాయి. అదనంగా పవర్ షాట్లు వచ్చాయి. ఆడుతుంటే గేజ్ నిండుతుంది, నిండాక ఒక ప్రత్యేకమైన షాట్ కొట్టొచ్చు. దాడికి వాడేవి కొన్ని, చేతికి అందని బంతిని కాపాడుకోవడానికి వాడేవి కొన్ని. రెండు ఆటలకీ సంగీతం మోతోయ్ సకురాబాదే. ఎస్పీలో మామూలు ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం ఉండదు. దానికి వేరే అడాప్టర్ దొరుకుతుంది, దొరికితే తీసుకోండి, ఆ సంగీతాన్ని చిన్న స్పీకర్‌లో వినడం అన్యాయం.

కొనేటప్పుడు పేరు దగ్గర జాగ్రత్త. అమెరికాలో ‘మారియో టెన్నిస్: పవర్ టూర్’ అని అమ్మిన ఆటనే యూరప్‌లో ‘మారియో పవర్ టెన్నిస్’ అని, జపాన్‌లో ‘మారియో టెన్నిస్ అడ్వాన్స్’ అని అమ్మారు. ‘మారియో పవర్ టెన్నిస్’ అనే పేరుతోనే టీవీకి తగిలించి ఆడే గేమ్‌క్యూబ్‌కి వేరే ఆట ఉంది, అందులో ఈ కథ లేదు. ప్రకటనలో ఫొటో చూసి, అది గేమ్‌బాయ్ అడ్వాన్స్ కార్ట్‌రిడ్జేనా (మెషీన్‌లో పెట్టే, ఆట ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క) అని నిర్ధారించుకోండి. ఈ మెషీన్లకి దేశాల వారీ తాళం ఏమీ లేదు, ఏ దేశపు కార్ట్‌రిడ్జ్ అయినా మీ ఎస్పీలో ఆడుతుంది. కానీ జపాన్‌ది చవగ్గా దొరికిందని తీసుకుంటే మాటలన్నీ జపనీస్‌లో ఉంటాయి. మ్యాచ్ ఆడటానికి ఇబ్బంది లేదు గానీ, ఎవరితో మాట్లాడాలో, ఎటు వెళ్లాలో తెలియక కథ దగ్గర ఇరుక్కుంటారు.

ఇప్పుడు డీఎస్ లైట్ సంగతి. దాని కింది భాగంలో గేమ్‌బాయ్ అడ్వాన్స్ కార్ట్‌రిడ్జ్ పట్టే స్లాట్ ఉంది కాబట్టి పవర్ టూర్ దానిలో చక్కగా ఆడుతుంది. మీ తమ్ముడు ఒక్కడే కూర్చుని కథ మొత్తం పూర్తి చేయొచ్చు, తెర కూడా వెలుతురుగా ఉంటుంది. అయితే డీఎస్‌కి లింక్ కేబుల్ (ఇద్దరు ఆడటానికి మెషీన్లని కలిపే తీగ) పెట్టే పోర్టు లేదు. దాని వైర్‌లెస్ డీఎస్ ఆటలకే గానీ గేమ్‌బాయ్ ఆటలకి పని చేయదు. కాబట్టి డీఎస్‌లో ఏ గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆట పెట్టినా అది ఒంటరి ఆటే. గేమ్‌బాయ్ కలర్ కార్ట్‌రిడ్జ్ అయితే అసలు ఆ స్లాట్‌లో పట్టదు. ఇద్దరూ తలపడాలంటే మీకు ఇంకో గేమ్‌బాయ్ అడ్వాన్స్ గానీ, ఎస్పీ గానీ కావలసిందే. మీ తమ్ముడు అంతవరకూ డీఎస్‌లో తన ప్లేయర్‌ని పెంచుకుంటూ ఉండొచ్చు. సేవ్ అయ్యేది కార్ట్‌రిడ్జ్‌లోనే కాబట్టి, రెండో ఎస్పీ వచ్చిన రోజున అదే కార్ట్‌రిడ్జ్ తీసి దానిలో పెడితే ప్లేయర్ ఎక్కడున్నాడో అక్కడే ఉంటాడు.

కేబుల్ దగ్గర కూడా జనం బాగా తికమకపడతారు. గేమ్‌బాయ్ కలర్ ఆటకి గేమ్‌బాయ్ కలర్ కేబుల్, అడ్వాన్స్ ఆటకి అడ్వాన్స్ కేబుల్. మెషీన్ ఎస్పీయే అయినా, అందులో పెట్టిన ఆటని బట్టి కేబుల్ మారుతుంది. అసలైన అడ్వాన్స్ కేబుల్‌ని చేతిలోకి తీసుకుని చూడండి: ఒక చివర ప్లగ్ ఊదా రంగులో కాస్త చిన్నగా ఉంటుంది, రెండో చివర బూడిద రంగులో ఉంటుంది, మధ్యలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఊదా ప్లగ్ ఎవరి మెషీన్‌లో ఉంటే వాళ్లు మొదటి ప్లేయర్. మధ్యలోని ఆ పెట్టెకి ఇంకో కేబుల్ తగిలించి మూడో మనిషిని, అలాగే నాలుగో మనిషిని కలుపుకుంటూ పోవచ్చు. అంటే నలుగురు కలిసి పవర్ టూర్‌లో డబుల్స్ ఆడాలంటే మూడు కేబుళ్లు చాలు. సంక్రాంతికి కజిన్స్ అందరూ చేరినప్పుడు ఇంతకంటే మంచి కాలక్షేపం ఉండదు. ఒక్కటే జాగ్రత్త, ఆట మధ్యలో కేబుల్ కదిలితే మ్యాచ్ ఆగిపోతుంది. కాళ్లు చాపుకుని కింద కూర్చోండి, మంచం మీద ఒకరు కింద ఒకరు వద్దు. మీ ప్లేయర్, మీ తమ్ముడి ప్లేయర్ తలపడాలంటే ఇద్దరికీ సొంత కార్ట్‌రిడ్జ్ ఉండాలి, ఇది ముందే లెక్కలో వేసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్లేయర్‌ని ఎలా పెంచాలి?

మ్యాచ్‌లు ఆడితే ఎక్స్‌పీరియన్స్ వస్తుంది, లెవెల్ పెరిగినప్పుడు దేన్ని మెరుగుపరచుకోవాలో మీరే ఎంచుకోవాలి. స్పిన్, పవర్, కంట్రోల్, స్పీడ్ అని నాలుగు వైపులు. జూనియర్ క్లాస్‌లో పవర్ పెట్టినవాడికి ఆట నల్లేరు మీద నడకలా అనిపిస్తుంది. ఎదుటివాళ్లు నెమ్మదిగా పరిగెత్తుతారు, గట్టిగా కొట్టిన బంతి వాళ్లని దాటిపోతుంది. ఆ రుచి మరిగి తర్వాతి లెవెల్స్ కూడా పవర్‌కే పోస్తారు. సీనియర్ క్లాస్‌కి వచ్చేసరికి అవతలివాళ్లు ఆ బంతిని అందుకోవడం మొదలుపెడతారు. అప్పుడు తెలుస్తుంది, మీరు గట్టిగా కొట్టిన బంతి తిరిగి కూడా త్వరగానే వస్తుందని. మీ ప్లేయర్ ఇంకా పాత షాట్ నుంచి కోలుకుని కోర్టు మధ్యకి చేరకముందే బంతి రెండో మూలకి వెళ్లిపోతుంది. స్పీడ్ లేని ప్లేయర్‌కి తన సొంత బలమే శత్రువు అవుతుంది.

నేను ఎవరికైనా చెప్పేది ఒకటే వరుస: మొదట స్పీడ్, వెంటనే కంట్రోల్, తర్వాత స్పిన్, చివరికి పవర్. టెన్నిస్‌లో పాయింట్ పోయేది ఎక్కువగా బంతి అందకపోవడం వల్ల, లేదా అందీ అందనట్టు కొట్టిన బలహీనమైన రిటర్న్ వల్ల. ముందుగా అక్కడికి చేరగలిగితే రెండు లాభాలు. ఒకటి, బంతి అందుతుంది. రెండోది ఇంకా ముఖ్యం: ఈ సిరీస్‌లో బటన్ ముందుగా నొక్కి సిద్ధంగా ఉంటే షాట్‌కి బలం చేరుతుంది, కానీ అలా సిద్ధమయ్యేటప్పుడు కాళ్లు నెమ్మదిస్తాయి. త్వరగా చేరినవాడికే ఆ కాస్త సమయం దొరుకుతుంది. అంటే స్పీడ్ పెట్టుకున్న ప్లేయర్‌కి పవర్ కూడా కొంత ఉచితంగా వచ్చినట్టే. పవర్ పెట్టుకున్న ప్లేయర్‌కి స్పీడ్ ఏ రూపంలోనూ రాదు.

కంట్రోల్ విలువ మొదట్లో కనిపించదు. అంకెల్లో పెరిగినట్టు ఉంటుంది గానీ కోర్టులో తేడా తెలియదు. కాస్త లెవెల్ పెరిగాక చూడండి, అదే డయాగనల్ షాట్ సైడ్‌లైన్‌కి ఇంకా దగ్గరగా పడుతుంటుంది. సింగిల్స్ కోర్టు వెడల్పు 8.23 మీటర్లు. అవతలివాడు మధ్యలో నిలబడితే ఒక్కోవైపు నాలుగు మీటర్లు కూడా పరిగెత్తక్కర్లేదు. బంతి అడుగున్నర లోపలికి పడితే వాడికి అందుతుంది, గీత మీద పడితే అందదు. నిజమైన కోర్టులో ఏ కోచ్‌ని అడిగినా ఇదే చెబుతారు, ఆట కూడా ఇదే మాట మీద నడుస్తుంది. అందుకే ఈ చిన్న కార్ట్‌రిడ్జ్ మీద నాకు అంత గౌరవం.

స్పిన్ గురించి కొంచెం చెప్పాలి. టాప్‌స్పిన్ బంతి ముందుకు తిరుగుతూ వెళ్తుంది. ఆ తిరుగుడు వల్ల బంతి కింద, పైన గాలి ఒత్తిడిలో తేడా వచ్చి బంతి కిందికి వంగుతుంది, నేలకి తగిలాక ముందుకి ఎగసి దూకుతుంది. స్లైస్‌లో వెనక్కి తిరుగుడు. గాల్లో తేలినట్టు నెమ్మదిగా వస్తుంది, నేల మీద పడ్డాక పైకి లేవకుండా జారిపోతుంది. ఆటలో ‘ఏ’ బటన్ టాప్‌స్పిన్, ‘బీ’ బటన్ స్లైస్. స్పిన్ పెంచితే ఈ రెండింటికీ పదును వస్తుంది. రెండు షాట్లూ సమానంగా వాడే అలవాటు ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది. ఎప్పుడూ ‘ఏ’ మాత్రమే నొక్కేవాళ్లు స్పిన్‌కి పోసినదాంట్లో సగం వృథా చేసుకుంటున్నట్టే.

పవర్ అసలు వద్దని కాదు. వర్సిటీకి చేరేసరికి ఎంతోకొంత ఉండాలి. లేకపోతే మంచి అవకాశం దొరికినా పాయింట్ ముగించలేరు, ర్యాలీ సాగుతూనే ఉంటుంది. చివర్లో పెట్టమని చెప్పేది అందుకే. పునాది కుదిరాక పెట్టిన పవర్ నిలబడుతుంది.

డబుల్స్ జోడీని చాలామంది పట్టించుకోరు. అన్ని లెవెల్స్ తమ ప్లేయర్‌కే ఇచ్చి, పక్కవాళ్లని అలాగే వదిలేస్తారు. డబుల్స్‌లో కంప్యూటర్ బంతిని బలహీనుడి వైపు పంపుతుంటే చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. ఇద్దరినీ పెంచండి, కానీ ఒకేలా పెంచకండి. మన సానియా మీర్జా, మార్టినా హింగిస్ జోడీని గుర్తు చేసుకోండి. 2015, 2016ల్లో వరసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. వెనక నుంచి సానియా ఫోర్‌హ్యాండ్ అవతలివాళ్లని వెనక్కి నెడుతుంటే, ముందు నెట్ దగ్గర హింగిస్ చేయి బంతిని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేది. ఇద్దరూ సానియాలైనా, ఇద్దరూ హింగిస్‌లైనా ఆ జోడీ అంత దూరం వెళ్లేది కాదని నా నమ్మకం. మీరు వెనక నుంచి ఆడటం ఇష్టపడితే మీ ప్లేయర్‌కి తర్వాతి దశలో పవర్, స్పిన్ ఇచ్చి, జోడీకి స్పీడ్, కంట్రోల్ ఇవ్వండి. నెట్ దగ్గర నిలబడటం ఇష్టమైతే దీన్ని తిరగేయండి. నేను మాత్రం నెట్ దగ్గర నిలబడటమే ఎంచుకుంటాను. వాలీకి, అంటే బంతి నేలకి తగలకముందే కొట్టడానికి, సమయం తక్కువ, నిర్ణయం వెంటనే తీసుకోవాలి, ఆ పని కంప్యూటర్‌కి వదిలేయడం నాకు నచ్చదు.

ట్రైనింగ్ కోర్టులని దాటేసి వెళ్లిపోకండి. మ్యాచ్‌ల మీద మ్యాచ్‌లు ఆడాలన్న ఆత్రంలో అందరూ వాటిని వదిలేస్తారు. అక్కడ నేర్చుకునేది మీ ప్లేయర్ కాదు, మీ వేళ్లు. ‘ఏ’ తర్వాత వెంటనే ‘బీ’ నొక్కితే లాబ్, అంటే ఎదుటివాడి తల మీదుగా ఎత్తుగా వెళ్లే బంతి. ‘బీ’ తర్వాత ‘ఏ’ నొక్కితే డ్రాప్ షాట్, అంటే నెట్ దాటగానే దగ్గర్లో పడిపోయే బంతి. రెండూ ఒకేసారి నొక్కితే గట్టి దెబ్బ, బంతి పైకి లేచి ఉంటే అదే స్మాష్. చెప్పడానికి నాలుగు ముక్కలే. మ్యాచ్‌లో టెన్షన్ మధ్య లాబ్ అనుకుని డ్రాప్ కొట్టేవాళ్లు ఎంతమందో. ఆ వరుస చూడకుండా వచ్చేదాకా ట్రైనింగ్‌లోనే ఉండండి.

మనిషితో ఆడినప్పుడు ఇవన్నీ ఎలా కలుస్తాయో ఒక ర్యాలీ చెబుతాను. మీ తమ్ముడు పవర్ ప్లేయర్‌ని పెంచాడనుకోండి. మీరు స్పీడ్, కంట్రోల్. సర్వ్ మీది. మొదటి బంతి అతని బ్యాక్‌హ్యాండ్ వైపు పంపారు, అతను గట్టిగా కొట్టాడు, మీ ప్లేయర్ అందుకున్నాడు. ఇక్కడ మీరు కూడా గట్టిగా కొట్టే పోటీకి దిగకూడదు. స్లైస్ కొట్టండి, మళ్లీ అదే బ్యాక్‌హ్యాండ్ మూలకి. బంతి కింద జారుతుంది, అతను ఇంకా లోపలికి రావాలి. మూడోసారి కూడా అక్కడికే వస్తుందని అతను ఆ పక్కకే ఒదిగి ఉంటాడు. అప్పుడు డ్రాప్ షాట్, రెండో పక్కన, నెట్‌కి ఆనుకుని. పవర్ ప్లేయర్ కాళ్లు నెమ్మది. అందుకోలేకపోతే పాయింట్ మీది. అందుకుంటే ఇంకా మంచిది: అతను ఇప్పుడు నెట్ దగ్గర ఉన్నాడు, వెనక కోర్టు అంతా ఖాళీ. ‘ఏ’, ‘బీ’. లాబ్ అతని తల మీదుగా వెళ్లి బేస్‌లైన్ దగ్గర పడుతుంది. ఈ ర్యాలీ మొత్తంలో మీరు ఒక్కసారి కూడా గట్టిగా కొట్టలేదని గమనించండి. కంప్యూటర్ మీద ఇది ఇంత బాగా పారదు, ఎందుకంటే కంప్యూటర్ ముందే ఊహించి ఒక పక్కకి ఒదగదు. మనిషి ఒదుగుతాడు. మనిషితో ఆడటంలో ఉన్న మజా అదే, ప్లేయర్‌ని ఎవరి కోసం పెంచుతున్నామో మొదటి లెవెల్ నుంచే గుర్తుంచుకోమని చెప్పేది కూడా అందుకే.

ఒక దెబ్బకి విరుగుడు కూడా చెప్పాలి, లేకపోతే మీ తమ్ముడికి అన్యాయం. ఎదుటివాడు ఇలా డ్రాప్, లాబ్ ఆడుతున్నాడని తెలిస్తే బేస్‌లైన్ మీద కాకుండా రెండడుగులు లోపల నిలబడాలి. అప్పుడు డ్రాప్ అందుతుంది, లాబ్ సరిగ్గా పడకపోతే స్మాష్ మీ చేతికే వస్తుంది. లాబ్ కొట్టేవాడికి భయం పెట్టగలిగేది స్మాష్ ఒక్కటే. పవర్ ప్లేయర్‌కి నిజంగా పనికొచ్చే చోటు కూడా అదే.

రెండు ఆటల్లో ఏది అంటే, మీకు ఇద్దరూ ఆడటం ముఖ్యం కాబట్టి పవర్ టూర్ అంటాను. కథ, వాతావరణం మాత్రమే అయితే నా ఓటు పాత గేమ్‌బాయ్ కలర్ ఆటకే. దానికి ఇంకో విశేషం ఉంది, ఇప్పుడు ఎంతమందికి ఉపయోగమో గానీ చెప్పకుండా ఉండలేను. నింటెండో 64 కంట్రోలర్‌కి ట్రాన్స్‌ఫర్ ప్యాక్ అనే ఒక పరికరం తగిలించి, అందులో ఈ కార్ట్‌రిడ్జ్ పెడితే, మీరు పెంచిన అలెక్స్ టీవీ తెర మీద నింటెండో 64 మారియో టెన్నిస్‌లోకి వచ్చేవాడు. అక్కడ గెలిచిన ఎక్స్‌పీరియన్స్ మళ్లీ గేమ్‌బాయ్‌కి తెచ్చుకోవచ్చు. యోషీ, వారియో, వాలుయీజీ, బౌజర్ చిన్న ఆటలో తెరుచుకునేది కూడా ఈ దారిలోనే. 2000 సంవత్సరంలోనే జేబులో పెంచిన ప్లేయర్‌ని హాల్లో టీవీ మీద ఆడించారు, ఎంత దూరం ఆలోచించారో చూడండి.

కొనేటప్పుడు నకిలీలు విపరీతం. పవర్ టూర్ లాంటి అడ్వాన్స్ కార్ట్‌రిడ్జ్ చేతికి వస్తే దీపం కింద పెట్టి స్టిక్కర్‌ని పక్కవాటుగా చూడండి. అసలైనదాని మీద రెండంకెల సంఖ్య ఒకటి రంగు లేకుండా నొక్కినట్టు ఉంటుంది, నేరుగా చూస్తే కనబడదు. కింద బంగారు రంగు కాంటాక్ట్‌ల పైన, లోపలి బోర్డు మీద నింటెండో పేరు ముద్రించి ఉంటుంది. వెనక స్క్రూ మూడు కాళ్ల గాటుతో ఉండాలి, మామూలు ప్లస్ స్క్రూ అయితే ఎవరో విప్పారనో, అసలు నకిలీయో అనుకోండి. నకిలీలతో వచ్చే ముఖ్యమైన చిక్కు సేవ్. వారం రోజులు ఆడిన ప్లేయర్ ఒక పొద్దున చూస్తే ఉండడు. అమ్మేవాడిని సేవ్ చేసి, ఆపి, మళ్లీ ఆన్ చేసి చూపించమనండి. గేమ్‌బాయ్ కలర్ కార్ట్‌రిడ్జ్ అయితే అసలైనదైనా సరే ఈ పరీక్ష తప్పదు. దానిలో సేవ్‌ని కాపాడేది లోపలి చిన్న బటన్ బ్యాటరీ, ఇన్నేళ్లకి అది అయిపోయి ఉండొచ్చు. టంకం పెట్టగల మొబైల్ రిపేర్ మెకానిక్ ఎవరైనా మార్చగలరు, కానీ బ్యాటరీ తీసిన క్షణంలో పాత సేవ్ పోతుంది కాబట్టి ఆట మొదలుపెట్టకముందే మార్పించుకోండి. గేమ్‌బాయ్ కలర్ ఆటని నింటెండో వాళ్ల తర్వాతి చేతి మెషీన్ 3డీఎస్ ఆన్‌లైన్ స్టోర్‌లో కూడా అమ్మేవారు. ఆ స్టోర్‌లో కొనుగోళ్లు 2023 మార్చిలో ఆపేశారు కాబట్టి ఇప్పుడు ఆ దారి లేదు.

రెండో ఎస్పీ దొరకడం కష్టమైతే వేరే దారి సోనీ వాళ్ల చేతి మెషీన్ పీఎస్‌పీ, ఇద్దరికీ చెరొకటి. అది మన దేశంలో అధికారికంగానే అమ్మారు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ఎస్పీ కంటే తేలిగ్గా దొరుకుతుంది. సెగా వాళ్ల ‘వర్చువా టెన్నిస్: వరల్డ్ టూర్’ 2005లో, ‘వర్చువా టెన్నిస్ 3’ 2007లో వచ్చాయి. మీ ప్లేయర్‌ని మొహంతో సహా తయారు చేసుకుని, ర్యాంకింగ్ పట్టిక అడుగు నుంచి మొదలుపెట్టి ప్రపంచమంతా తిరుగుతూ టోర్నమెంట్లు ఆడాలి. మధ్యలో చిన్న చిన్న ట్రైనింగ్ ఆటలు ఉంటాయి, ప్లేయర్ మెరుగయ్యేది వాటితోనే. మూడో భాగంలో ఫెడరర్, నడాల్, షరపోవా లాంటి నిజమైన ప్లేయర్లు ఎదురవుతారు. బంతి కదలిక మారియో టెన్నిస్ కంటే అసలు టెన్నిస్‌కి దగ్గర. కేబుల్ అక్కర్లేదు, వైర్‌లెస్ మీద నలుగురు ఆడొచ్చు. అయితే అకాడమీ, స్నేహితులు, కథ ఉండవు. కొనేటప్పుడు ఈ1000 మోడల్ మాత్రం వద్దు, దానిలో వైర్‌లెస్ లేదు. పీఎస్‌పీ గోలో డిస్క్ పట్టదు. మిగతా ఏ మోడల్ అయినా వెనక మూత తీసి బ్యాటరీ ఉబ్బిందేమో చూసి తీసుకోండి.

నింటెండో స్విచ్ అనే మెషీన్ మీద 2018లో వచ్చిన మారియో టెన్నిస్ ఏసెస్ సంగతి కూడా ఎవరైనా చెబుతారు. ఇద్దరు ఆడుకోవడానికి చాలా బాగుంటుంది. కానీ దాని అడ్వెంచర్‌లో ఆడేది మారియో ఒక్కడే, లెవెల్ పెరిగితే ఏది పెరగాలో మీ చేతిలో ఉండదు, ఆ మారియోని తీసుకెళ్లి మీ తమ్ముడితో ఆడలేరు కూడా. మీరు అడిగింది అది కాదు.

మొదలుపెట్టేటప్పుడు మీరు క్లేని తీసుకుంటే మీ తమ్ముడిని ఏస్‌ని తీసుకోమనండి. తెర మీద ఎవరు ఎవరో తేలిగ్గా తెలుస్తుంది. సీనియర్ క్లాస్ దాటేదాకా లింక్ పెట్టకండి, అప్పటికి ఇద్దరి ప్లేయర్లకీ ఒక తీరు వచ్చి ఉంటుంది. ఒకరు లెవెల్స్‌లో బాగా ముందుంటే వెనకబడినవాళ్లకి రెండు మ్యాచ్‌లకే విసుగొస్తుంది, కాబట్టి లింక్ పెట్టే ముందు లెవెల్స్ దగ్గర దగ్గరగా ఉండేలా చూసుకోండి.